రెండు రింగులు

మా ట్యాంకర్ తమ్ముడు పోయాడన్న కబురు నాకు పొద్దున ఏడు గంటలకు తెలిసింది. తను పనిచేసే పంపింగ్ స్టేషన్ నుంచి మా వారు ఫోను చేశారు. "ముందు స్టవ్ కట్టెయ్యి," అన్నారు. కట్టేశాను. "తమ్ముడు లేడు. నిన్న సాయంత్రమే అయిపోయిందట. ఒంటెల దొడ్ల దారి రోడ్డుకి కలిసే చోట, ట్యాంకరు నీడలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. ఇందాక ఇంకో ట్యాంకరు డ్రైవరు చూశాడు."

ఆ ముందు రోజు సాయంత్రం అతని ఫోను నాకు వచ్చింది. నేను ఎత్తలేదు.

ఇది ముందే చెప్పేస్తున్నాను. చివర చెప్తే దాచిపెట్టినట్టవుతుంది. అతని ఫోనులో ఆఖరిగా ఉన్నది నా నంబరేనని కంపెనీ గుమస్తా తమ్ముడి ఇంటివాళ్ళకు చెప్పాడు. "ఆఖరికి నీతోని ఏమన్నడు అక్కా?" అని అతని భార్య నన్నడిగింది. ఆ ఒక్క మాటకు జవాబు చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

ఖతార్ అనగానే మీకు దోహా గుర్తొస్తుంది. మేముండేది దోహాలో కాదు. గంటకు పైగా ప్రయాణం. ఒక మసీదు, ఒక బడి, ఒక పెట్రోలు బంకు, మలయాళీ టీ కొట్టు, టైర్లు బాగుచేసే షాపు, ట్యాంకర్లు నీళ్ళు నింపుకునే స్టేషను. ఇంతే ఊరు. ఊరు దాటితే తారు రోడ్డు ఒకటి, దాని మీంచి ఎడారిలోకి చీలే మట్టి దారులు. ఆ దారుల చివర ఇజ్బాలుంటాయి. ఒంటెలనూ మేకలనూ పెంచే దొడ్లు. ఒక్కో దొడ్డికి ఒకడో ఇద్దరో కాపరులు. సూడాన్ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు. నెలల తరబడి వాళ్ళు చూసే కొత్త ముఖం నీళ్ళ ట్యాంకరు డ్రైవరుదే.

మా ఇంట్లో ముగ్గురం ఆడపిల్లలం, నేను పెద్దదాన్ని. మా చిన్న చెల్లెలు దోహాలోనే, అల్ సద్‌లో ఉంటుంది. వచ్చినప్పుడల్లా కిటికీలోంచి బయటికి చూసి, "ఇక్కడ ఏం చూస్తూ కూర్చుంటావే అక్కా?" అంటుంది. తమ్ముళ్ళు లేని లోటు మాత్రం ఈ ఊరే తీర్చింది.

మేము వచ్చిన మొదటి నెలలో క్వార్టర్స్‌కి నీళ్ళు ఆగిపోయాయి. ట్యాంకరు వచ్చింది. మేడ మీద సింటెక్స్ మూత నాకు ఊడిరావడం లేదు. కింద నుంచి డ్రైవరు "పానీ, పానీ, జల్దీ" అని కేకలు. "వస్తుందయ్యా, నీ తొందర తగలెయ్యా," అని నాలో నేను అనుకున్నాననుకున్నాను. పైకే అన్నాను. కింద కేకలు ఆగిపోయాయి. పైపు భుజాన వేసుకుని ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. బక్కగా, పొడుగ్గా, తలకి ఎర్ర తువ్వాలు.

"పక్కకు జరుగు అక్కా, నేను తీస్త," అన్నాడు.

జగిత్యాల దగ్గర పల్లె అట. అప్పటికే అతను ఎడారికి వచ్చి తొమ్మిదేళ్ళు. జుట్టు నాకంటే నెరిసింది. "నన్ను అక్కా అంటావేమిటి, నీకు నాకంటే ఏళ్ళు ఎక్కువే ఉంటాయి," అన్నాను.

"పాస్‌పోర్టుల నేను నీకన్న చిన్నోన్నే. సర్కారు కాయిదం అబద్ధమాడుతదా?"

ఆ రోజు నుంచి అతను తమ్ముడు.

ఇంట్లోకి వచ్చేవాడు కాదు. బూట్లు విప్పడం బద్ధకం అనేవాడు. అసలు సంగతి, మా దేవుడి అలమర హాల్లోనే ఉంటుంది, దాని ముందుకు రావడానికి జంకు. మెట్ల మీద కూర్చుని మజ్జిగ తాగేవాడు. శనివారం నాడు గుగ్గిళ్ళు కాగితంలో పొట్లం కట్టి ఇస్తే సగం తిని సగం జేబులో వేసుకునేవాడు. ఆ సగం ఇజ్బాల్లో కాపరులకు. "మా అక్క దేవుని పెసాదం అని చెప్పి ఇస్త. సూడానీ ముసలాయన బిస్మిల్లా అని తింటడు. నీ దేవుడు ఏమనుకోడు గద?"

"ఏమనుకుంటాడు? ఆకలైన వాడు తిన్నాడనుకుంటాడు."

"గట్లయితె ఇంకో పిడికెడు పెట్టు."

ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే నీళ్ళ గురించే. ఏ దొడ్లో తొట్టి పగిలింది, ఏ ఒంటె ఈనబోతోంది. "ముందు నీళ్ళు, తర్వాత ముచ్చట్లు," అనేవాడు ఎక్కడ బండి ఆపినా. దాహంగా ఉన్న మనిషిని మంచి చెడ్డలు అడగకూడదట. తాగాక వాడే చెప్తాడట.

రెండు రింగుల సంగతి ఎలా మొదలైందో చెప్పాలి.

ఒక వేసవిలో ధూళి గాలి లేచింది. చెయ్యి చాపితే వేళ్ళు కనపడనంత. దూరపు ఇజ్బా నుంచి వస్తూ తమ్ముడి బండి మెత్తటి ఇసకలో దిగబడింది. ఆ లోపలి దారుల్లో ఫోను పనిచేయదు. తారు రోడ్డు దగ్గరికి వస్తేనే సిగ్నలు. రెండు రోజులు అక్కడే ఉండిపోయాడు. ట్యాంకులో అడుగున మిగిలిన వేడి నీళ్ళు తాగి బతికాడు. మూడో రోజు బయటపడ్డాడు. మా మెట్ల మీద కూర్చున్నప్పుడు పెదాలు పగిలి నెత్తురు కారుతోంది. నేను కోప్పడ్డాను. మనిషి రాలేదని అడిగేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా అన్నాను. రోజూ రోడ్డెక్కగానే నాకు ఒక మాట చెప్పమన్నాను.

"మాటెందుకక్కా, మిస్కాల్ ఇస్త. రెండు రింగులు. ఎత్తకు."

"ఎత్తితే?"

"ఎత్తితె నా బ్యాలెన్స్ పోతది, నీ జపం పోతది."

నవ్వాను. సాయంత్రం అయిదు గంటలకు దీపం పెట్టి జపానికి కూర్చోవడం నా అలవాటు. అతను చివరి దొడ్డికి నీళ్ళు పోసి రోడ్డు దగ్గరికి వచ్చేది కూడా ఆ వేళకే. కిటికీ గూట్లో ఫోను రెండుసార్లు మోగి ఆగిపోయేది. తమ్ముడు రోడ్డెక్కాడు. నా వేళ్ళు పూసల మీద నుంచి లేచేవి కావు. పొద్దు గుంకాక మసీదులో మగ్రిబ్ అజాన్ వినపడేదాకా మోగకపోతే మా వారికి చెప్పేదాన్ని. ఆయన నీళ్ళ స్టేషనుకి ఫోను చేసేవారు. ఇన్నేళ్ళలో అలా మూడుసార్లే జరిగింది. రెండుసార్లు టైరు. ఒకసారి మరిచిపోయి నేరుగా టీ కొట్టుకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ రోజు నా చేత చీవాట్లు తిని, "ఇంట్ల నా పెండ్లాం గిట్ల తిట్టది," అన్నాడు.

ఫోన్లు మారాయి. ఇంటర్నెట్‌లో మాటలకు రూపాయి ఖర్చు లేకుండా పోయింది. మా పద్ధతి మాత్రం మారలేదు. మిస్కాల్ అంటే మనకు తెలిసిందే కదా. ఎత్తకూడదు. ఎత్తకపోవడమే మర్యాద. గల్ఫ్‌లో బతికిన తెలుగువాళ్ళం సగం కబుర్లు అలా ఎత్తకుండానే చెప్పుకున్నాం.

రోడ్డు కలిసే ఆ చోట తమ్ముడు ఒక నీలం డ్రమ్ముని నిలువునా కోసి ఇసకలో పాతిపెట్టాడు. మిస్కాల్ ఇచ్చే ముందు పైపులో మిగిలిన నీళ్ళు అందులో వదిలేవాడు. గువ్వలు, పిచ్చుకలు, ఎక్కడి నుంచి వస్తాయో తెలియని పిల్లులు. ఒకసారి మా వారితో కలిసి ఆ దారిన వెళ్తూ చూశాను. మనిషి పక్కన నిలబడి ఉన్నా పిట్టలు బెదరలేదు. "చూడు, నా పటేల్ దర్జా," అన్నాడు.

వచ్చే ఉగాదికి ఇల్లు చేరతానని ఈ మధ్య అంటున్నాడు. కూతురికి పెళ్ళయింది, మనవడు పుట్టాడు. ఆ పిల్లవాణ్ణి వీడియోలోనే చూశాడు. "నన్ను జూస్తె ఫోను అనుకుంటడేమో," అన్నాడు ఒకరోజు. అప్పుడు అతను నవ్వలేదు.

పోయే ముందు వారం గుండెల్లో మంటగా ఉందన్నాడు. "నీ ఆవకాయ పనే అక్కా." జీలకర్ర నీళ్ళు కాచి ఇచ్చాను. హెల్త్ సెంటర్‌కి వెళ్ళమన్నాను. రేపు పోత అన్నాడు. మర్నాడు అడిగితే మళ్ళీ రేపు అన్నాడు. మూడో రోజు నేను అడగలేదు.

ఆ సాయంత్రం దీపం పెట్టాను. జపం సగంలో ఉంది. ఫోను మోగింది. రెండు దాటింది. ఇంకా మోగింది. పైపు పట్టుకుని ఉంటాడు, కట్ చేయడం మరిచిపోయాడు అనుకున్నాను. ఎన్ని రింగులో లెక్కపెట్టలేదు. ఆగింది. తమ్ముడు రోడ్డెక్కాడు, స్వామీ నీ దయ అనుకుని తరవాతి పూస తిప్పాను.

అబద్ధం కాదు. రోడ్డెక్కాడు. తారుకి పది అడుగుల దూరంలో దొరికాడు. డ్రమ్ము నిండుగా ఉందట.

గుండె ఆగిందని చెప్పారు. పది నిమిషాల్లో అయిపోయి ఉంటుందన్నారు. దోహాలో మా వారు కాగితాల కోసం తిరుగుతున్న రోజుల్లో నేను అల్ సద్‌లో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. అది లెక్క చెప్పింది.

"మీ ఇంటి నుంచి అక్కడికి ముప్పై అయిదు నిమిషాలక్కా. ఎత్తి ఉంటే మాత్రం ఏం చేసేదానివి?"

"ఏమీ లేదు."

"మరి? అంబులెన్సుకి చేయకుండా నీకు చేయడమేమిటి?"

"తెలియదు."

"నీ తప్పు లేదక్కా."

ఎత్తి ఉంటే పది నిమిషాలు ఒక మనిషి గొంతు వినేవాడు. అది ఏ లెక్కలోకీ రాదు.

శవపేటిక ఇక్కడి నుంచి హైదరాబాదుకి, అక్కడి నుంచి అంబులెన్సులో ఊరికి చేరింది. దహనం అయిన సాయంత్రం అతని భార్య నాకు ఫోను చేసింది. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు. ఫోనులోనే పరిచయం. వాళ్ళకు ఈ దేశాలన్నీ దుబాయే. నేను దుబాయ్ అక్కను. నేనెప్పుడూ సరిదిద్దలేదు.

ఆమె ఏడవలేదు. "కంపెనీ సారు చెప్పిండక్కా. ఆఖరికి నీకే చేసిండట. ఏమన్నడు?"

"అమ్మా, ఈ దినాలు అయిపోనీ. చెప్తాను," అన్నాను.

నా జీవితంలో ఇంత పిరికి మాట ఇంకోటి అనలేదు. అక్కడ ఆమె ఏం ఊహించుకుందో. చెప్పాల్సిన పెద్ద మాటేదో ఉందనుకుని ఉంటుంది.

చెల్లెలు మంచి మనసుతోనే సలహా చెప్పింది. "నిన్నే తలుచుకున్నాడు, మనవడు జాగ్రత్త అన్నాడు అని చెప్పక్కా. ఆ పిచ్చిదానికి కాస్త ఊరట. దేవుడు నిన్నేమీ అనడు."

ఆ మాటలు నాలోనూ తిరిగాయి. చెప్పినా ఎవరికీ తెలియదు. ఒక్క వాక్యం. ఆమె బతుకంతా దాన్ని పట్టుకుని బతకొచ్చు. ఆ రోజుల్లో జపమాల ముట్టుకోలేకపోయాను. పూసలు తిప్పుతుంటే ఫోను మోగుతున్నట్టే ఉండేది. పెదాలతో నామం చెప్పుకుంటూ కూర్చున్నాను. నాకు ఏ దారీ కనపడలేదు. కనపడిందని రాస్తే అది కూడా అబద్ధమే.

మేము దోహా నుంచి తిరిగి వచ్చాక మా వారిని దూరపు ఇజ్బాకి తీసుకెళ్ళమన్నాను. సూడానీ ముసలాయనకు ఎవరైనా చెప్పారో లేదోనని. కొత్త డ్రైవరు వచ్చి వెళ్తున్నాడు కానీ అతనికి అరబ్బీ రాదు. ముసలాయన మా బండి చూసి ఎదురొచ్చాడు. మా వారు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతో, సైగలతో చెప్పారు. ఆయన తల ఊపాడు. తనకు తెలుసన్నాడు. ఎలా తెలుసని అడిగితే, అతను రాని రోజు లేదు, రాలేదంటే లేడనే కదా అన్నాడు. గుగ్గిళ్ళ పొట్లం ఇచ్చాను. తినలేదు. అరచేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

ఉన్నమాట ఉన్నట్టు అనడానికి ఆ ముసలాయనకు ఉన్నపాటి ధైర్యం నాకు లేకపోయిందే అనిపించింది.

పదకొండో దినం అయిపోయిందని తెలిశాక ఫోను చేశాను. ఆమె వెంటనే ఎత్తింది.

"అమ్మా, నేను చెప్పేది విను," అన్నాను. "మీ ఆయన నాతో ఏమీ అనలేదు. నేను ఎత్తలేదు. రోజూ ఇచ్చే మిస్కాలే అనుకున్నాను. జపంలో ఉన్నాను. రెండు దాటి మోగిందని తెలుసు. అయినా ఎత్తలేదు."

అవతల, వెనక ఎవరో గిన్నెలు తోముతున్నారు.

"మిస్కాలే అనుకున్నవా?" అంది.

"అవునమ్మా."

"నేను గూడ గట్లనే అనుకున్న."

నాకు అర్థం కాలేదు.

"నాకు గూడ చేసిండక్కా. నీకంటె ముందుగాల. పొయ్యికాడ ఉన్న. చేతులకు పిండి. ఆయన మిస్కాల్ ఇచ్చిండంటె డ్యూటీ అయిపోయింది, మంచిగున్న, నువ్వు తిను అన్నట్టు. తర్వాత వీడియోల మాట్లాడుతడు. ఇరవై ఏండ్ల సంది గంతే. రొట్టె తిరగేసిన."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నీకు ఎన్ని రింగులైనయి?"

"లెక్కపెట్టలేదమ్మా."

"నాకు తొమ్మిది. లెక్కవెట్టిన. ఇయ్యాల గింత సేపు ఇస్తుండేందీ, పైసలు పోవా అని తిట్టుకున్న గూడ." అంది. "నీతోనన్న మాట్లాడిండేమో అని అడిగిన. ఒక్కలతోనన్న మాట్లాడి పోయిండా లేదా అని. ఎవలతోని మాట్లాడలే అన్నమాట."

"ఎవరితోనూ లేదమ్మా."

"సరే," అంది.

ఆ "సరే" తరవాత ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఓదార్చుకోలేదు. ఒకరి దగ్గర ఒకరం దాచుకునేది ఏమీ లేకపోవడం ఒకటే మిగిలింది.

ఇది రాయనా అని ఆమెనే అడిగాను. "రాయి అక్కా," అంది. "మిస్కాల్ ఇచ్చేటోళ్ళు ఇంక శానమంది ఉన్నరు." కూతురు చదివి వినిపిస్తుందట. అందుకని ఒక్క మాట కూడా పెంచలేదు.

చదివేవాళ్ళు అతనికి ఏదైనా చేయాలనుకుంటే నాకు తోచింది ఒకటే. మీవాళ్ళు ఇచ్చే మిస్కాల్ ఎప్పుడో ఒకసారి ఎత్తండి. ఊరికే.

అతని తువ్వాలు, టిఫిను, వాచీ మా వారు పార్సిలు కట్టి పంపారు. ట్యాంకరు ఇప్పుడు వేరే అతను నడుపుతున్నాడు. నేపాల్ అబ్బాయి. నా నంబరు ఇచ్చాను. రోజూ రోడ్డెక్కగానే చేస్తాడు. నేను పూసలు పక్కన పెట్టి ఎత్తుతాను. "దీదీ, రోడ్," అంటాడు. "సరే బాబూ," అంటాను. నా తెలుగు అతనికి రాకపోయినా అర్థమవుతుంది.

డ్రమ్ము సంగతి మాత్రం అతనికి చెప్పలేదు. అది మేమే చూసుకుంటున్నాం. శుక్రవారం సాయంత్రం మా వారు రెండు డబ్బాల నీళ్ళు బండిలో పెడతారు. ఆ చోటికి వెళ్ళేసరికి డ్రమ్ము అడుగున బురద తడి తప్ప ఏమీ ఉండదు. చుట్టూ ఇసక మీద చిన్న చిన్న కాళ్ళ గుర్తులు. నీళ్ళు పోసి పక్కకు జరుగుతాం. పిట్టలు వెంటనే రావు. మేము వాటికి ఇంకా కొత్త.

అక్కడ సిగ్నలు బాగానే ఉంటుంది. తారు మీదికి వచ్చి అతని భార్యకు ఫోను చేస్తాను. వాళ్ళకు అది రొట్టెల వేళ. మొదటి రింగు పూర్తి కాకముందే ఎత్తుతుంది.